తెరమీది చెల్క

ఆత్మకూరు బస్టాండుకు ఎదురుగా, ఎరువుల దుకాణం మీది అంతస్తులో మధు ఆటల గది ఉంది. పొద్దున తొమ్మిది కాగానే సరిత వచ్చి షట్టర్ ఎత్తుతుంది. గది ఊడుస్తుంది, నాలుగు కుర్చీలు తుడుస్తుంది, కిటికీ తెరిచి కింది నుంచి ఎక్కివచ్చే యూరియా వాసన పోయేదాకా ఫ్యాను తిప్పుతుంది. ఆ తర్వాతే గోడమీది పెద్ద టీవీ పెట్టి, దాని కిందున్న తెల్లటి చిన్న యంత్రానికి కరెంటు ఇస్తుంది. పదింటికల్లా కాలేజీ ఎగ్గొట్టిన పిల్లలు మెట్లెక్కి వస్తారు. వాళ్ళ అరుపులు బస్టాండులో కండక్టర్ల అరుపుల్ని మించిపోతాయి.

ఆ యంత్రం చవక రకం. దానికి డిస్కు పెట్టుకునే అర లేదు. ఏ ఆటైనా ఇంటర్నెట్లోంచి దించుకోవాల్సిందే, దించుకున్నదంతా దాని కడుపులోనే దాచుకోవాల్సిందే. ఆ కడుపు చూస్తే చిన్నది. అట్టపెట్టె మీద ఐదువందల పన్నెండు జీబీ అని గొప్పగా రాసి ఉంది. తెచ్చి కరెంటు పెట్టాక చూస్తే మిగిలింది మూడువందల అరవై నాలుగు. తక్కినది యంత్రమే తన కోసం ఉంచేసుకుంది. ఈ సంగతి సరిత ఇంటికెళ్ళి చెబితే ఆమె అవ్వ పెంటమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "కొలిచేటోడు ముందుగాల తన మానికెడు తీసుకుంటడు బిడ్డా. యాడనన్న గంతే" అంది.

ఆ మూడువందల అరవై నాలుగులో ఆరు ఆటలు పట్టాయి. ఏడోది తెద్దామంటే తెరమీద ఒక చీటీ లేస్తుంది: ఖాళీ లేదు, ఏదైనా తీసెయ్యండి. ఏది తీసెయ్యాలన్నది ఆత్మకూరు పిల్లలకు పెద్ద పంచాయితీ. తొందరపడి తీసేస్తే మళ్ళీ దించుకోవడానికి ఊళ్ళో ఉన్న ఇంటర్నెట్టుకు రెండు రోజులు పడుతుంది, వానొస్తే నాలుగు. అందుకని ఆ ఆరూ ఏడాదిన్నరగా కదలకుండా కూర్చున్నాయి. రెండు తుపాకుల ఆటలు, ఒకటి క్రికెట్టు, ఒకటి కార్లు, ఒకటి కుస్తీ. ఆరోది పొలం ఆట.

పొలం ఆటను మధు ట్రాక్టర్ల పందెం అనుకుని పొరపాటున దించాడు. తీరా చూస్తే అందులో దున్నాలి, విత్తాలి, కలుపు తియ్యాలి, కోతకు వచ్చేదాకా కాచుక్కూర్చోవాలి. ఒక్క పిల్లాడైనా దాని మొహం చూడలేదు. "పైసలిచ్చి దున్నుడేందన్నా, ఇంటికాడ మా నాయిన ఉత్తగనే దున్నిపిస్తుండు" అన్నారు. అలా ఎవరికీ అక్కరలేని ఆట సరితకు దొరికింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటిదాకా గదిలో ఈగ కూడా ఉండదు. ఆ రెండు గంటలూ ఆమె చేనులో ఉంటుంది.

సరితకు ఇరవై రెండేళ్ళు. వాళ్ళ వంశంలో ఎవరికీ గుంట భూమి లేదు. అమ్మానాన్నలు పూనాలో కట్టే బిల్డింగుల కింద రేకుల షెడ్డులో ఉంటారు, పండక్కి కూడా రారు. సరిత నడక నేర్చింది కూడా ఇసుక కుప్పల మీదే. అవ్వ మొండిపట్టు పట్టి తెచ్చుకుని చదివించబట్టి ఇంటర్ దాకా వచ్చింది. అలాంటి పిల్ల చేతికి యాభై ఎకరాలు వచ్చాయి, తెరమీదనైతేనేం. ఆమె ఆ చేను చేసిన తీరు ఆ ఆట తయారుచేసిన దొరలు చూస్తే నవ్వి చచ్చేవాళ్ళు. ఆటలో కాలం గుర్రంలా పరిగెత్తుతుంది. సరిత దాన్ని పట్టి ఆపి, రోజుకు రోజు అయ్యేలా మార్చింది. మార్చిలో విత్తమని యంత్రం ఎర్రగుర్తు చూపిస్తే ఆమె పట్టించుకోలేదు. మృగశిర కార్తె రావాలి, ఆత్మకూరులో వాన పడాలి, మట్టివాసన కిటికీలోంచి గదిలోకి రావాలి, అప్పుడుగానీ జొన్నా, కందీ విత్తలేదు. మొదటి ఏడు సగం పంటే వచ్చింది. రెండో ఏడూ మృగశిరకే విత్తింది.

"దాని లెక్క దానిది, మన కార్తెలు మనయి" అంది.

చేను చుట్టూ గట్టు కోసం రెండు బారల నేల దున్నకుండా వదిలింది. ఆ ఆటలో గట్లు లేవు. గట్టు లేనిది చేనెట్లా అవుతుందో ఆమెకు అర్థం కాలేదు.

ఈ చేను సంగతి పెంటమ్మ వల్ల వాడంతా తెలిసింది. ముందు పెంటమ్మ ఒక్కతే సద్దిగిన్నె పట్టుకుని వచ్చి చూసేది. తర్వాత మల్లమ్మ వచ్చింది. మల్లమ్మ కూలి జట్టుకు పెద్ద. నలభై ఏళ్ళుగా ఊళ్ళో అందరి చేలల్లో కలుపు తీసిన మనిషి. ఆమె వెనకే రేణుకమ్మ, జములమ్మ, ఇంకో పదిమంది. కూలిపని లేని రోజు బజారుకు వచ్చినవాళ్ళు బస్సు వచ్చేదాకా మెట్లెక్కి వచ్చి కూర్చునేవాళ్ళు. గదిలోకి వచ్చేముందు చెప్పులు బయట విడిచేవాళ్ళు. వాళ్ళకెవరూ చెప్పలేదు. చేనులోకి చెప్పులతో పోతారా ఎవరన్నా?

"పిల్లా, గా మూలకు నీళ్ళు నిలుస్తున్నయ్ చూడు" అనేది మల్లమ్మ, టీవీ దగ్గరికొచ్చి వేలు పెట్టి చూపిస్తూ. "జర కాలువ తియ్యి."

"ఇండ్ల కాలువ తియ్యరాదు పెద్దమ్మా."

"రానిదేంది? పార దొరకదా ఇండ్ల?"

"ట్రాక్టరున్నది గానీ పార లేదు."

"పార లేని ఆసామి!" అని జములమ్మ నవ్వేది. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుతూనే ముందుకు వంగి కంకులు లెక్కపెట్టేవాళ్ళు. ఎన్ని ఎకరాలు దున్నినా ఎవరిదో అయ్యే చేను చూసిన కళ్ళవి. ఇది మన సరితదట అని ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు ఆ ఆడవాళ్ళ గొంతులు కొంచెం పెద్దవయ్యేవి.

ఆ ఏడు దీపావళి ముందు మధు మెట్లెక్కి వచ్చాడు. మధుకు ముప్పై ఏళ్ళుంటాయి. భూములున్న ఇంటి కొడుకు, కానీ భూమి మొహం చూడడు. తండ్రి పోయాక చేలు చూసుకోమని తల్లి పోరితే, కూలోళ్ళు దొరకరని చెప్పి ఈ గది పెట్టుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. గొంతు పెంచి మాట్లాడడు, జీతం ఆపడు. చెయ్యాలనుకున్నది మాత్రం మెత్తగా మాట్లాడుతూనే చేసేస్తాడు.

"సరితా, కురుమూర్తి జాతరొస్తున్నది. జనమంతా ఈడనే బస్సులు మారుతరు. కొత్త తుపాకుల ఆట దించాలె. మస్తు పెద్దది, నూటిరవై జీబీ" అన్నాడు.

"జాగ లేదన్నా."

"ఎరుకనే. కుస్తీ తీసెయ్. గా పొలం తీసెయ్. సరిపోతది."

సరిత రిమోటు కింద పెట్టింది. "పొలం తియ్య."

"గది ఆటనే కద సరితా. జాతరైనంక మళ్ళ దించుదాం."

"ఆటొస్తది. చేను రాదు. తీసేస్తే చేను దాంతోనే పోతది."

"పెన్ డ్రైవుల ఎక్కియ్యరాదా?"

"మిషన్ ఒప్పుకోదు. నేను చూసిన."

మధు కాసేపు తల గీక్కున్నాడు. "చూడు చెల్లె, ఈ గదికి ఎవలొస్తుండ్రు? పిల్లలొస్తుండ్రు. వాళ్ళు ఆడేదానికి జాగ లేకుంటే ఎట్ల? నువ్వు నాతాన పనిచేస్తున్నవ్, మిషన్ నాది. రేపు పొద్దుగాలకు ఖాళీ చేసి పెట్టు. నువ్వు చెయ్యకుంటే నేనే తీసేస్త. గింతదానికి పరేషాన్ ఎందుకు?" అని, టీ తాగుదువు రమ్మని కూడా పిలిచి, కిందికి దిగిపోయాడు.

సరితకు ఒళ్ళు మండిపోయింది. కోపం మధు మీద కాదు, ఆ మెత్తదనం మీద. తిడితే తిరిగి తిట్టొచ్చు. చెల్లె అని పిలిచి చేను తీసెయ్యమంటే ఏం చెయ్యాలి? పొలం ఆట పట్టేదే నలభై జీబీ, అంత యంత్రంలో ఆ నలభై కోసం భూమిలేనిదాని భూమే అడ్డమొచ్చిందా అనుకుంది. సాయంత్రం షట్టర్ దించింది. చేను పోతే ఈ ఊళ్ళో తనను పట్టి ఉంచేది ఏదీ లేదని ఆమెకు తెలుసు. జాతర అయ్యాక మల్లమ్మ జట్టు ఏటాలాగే కూలికి పూనా బస్సెక్కుతుంది. వాళ్ళతోపాటే తనూ ఎక్కుతుంది, అమ్మలాగే, నాన్నలాగే.

వాళ్ళ ఇల్లు చర్చి వెనక వాడలో ఉంది. ఒకటే గది. ఆ గదిలో సగం ధాన్యం పోసే గుమ్మి.

ఈ గుమ్మిని సరిత తాత శాంతయ్య అల్లాడు. భూమిలేని కూలోళ్ళకు పట్టాలిస్తారని మాట వినిపించిన ఏడు అది. పట్టా వస్తుంది, పంట వస్తుంది, పంటకు చోటు కావాలి కదా అని ఆయన అడవికి పోయి వెదురు తెచ్చి, పదిహేను రోజులు కూర్చుని మనిషెత్తు గుమ్మి అల్లాడు. పెంటమ్మ పేడతో అలికింది. పట్టా రాలేదు. గింజ పడలేదు. శాంతయ్య పోయాడు. గుమ్మి మాత్రం ఆశతో నోరు తెరుచుకుని అలాగే ఉంది. అన్నేళ్ళు ఖాళీగా ఉండీ ఉండీ దాని లోపల జాగ పెరిగింది. బయటికి మనిషెత్తే. లోపల ఎంతో ఎవరికీ తెల్వదు.

వాడలో వలసపోయేవాళ్ళందరూ తమ సామాను పెంటమ్మ గుమ్మిలోనే దాచి పోయేవాళ్ళు. రోకలిబండలు, బిందెలు, పెళ్ళి ఫోటోలు, మడతమంచాలు. సామానే కాదు, పూనాకు మోసుకుపోలేనివి ఇంకా చాలా ఉంటాయి కదా. రేణుకమ్మ తన పాడిమేక అరుపు దాచేది. మల్లమ్మ చచ్చిపోయిన మొగుడి ఈలను దాచేది, ఎండాకాలం తిరిగొచ్చాక తీసుకునేది. ఏదైనా సరే పిడికిట్లో పట్టి, ఇది ఫలానా ఇంటిది అని చెప్పి, లోపల వదిలితే చాలు. ఒక్కటే కట్టుబాటు. దాచినవాళ్ళ చెయ్యి పెడితేనే అది చేతికొస్తుంది. వేరేవాళ్ళు పెడితే ఉత్త గాలి తగులుతుంది.

సరిత చెప్పిందంతా విని పెంటమ్మ తేలిగ్గా తీసిపారేసింది. "గింతేనా? నీ చేనును తెచ్చి గుమ్మిల పెట్టుకో. నేను సూస్తుంట."

సరిత గుమ్మి మీద చెయ్యి వేసింది. అవ్వ చెప్పింది చక్కటి ఉపాయం. కానీ సరిత మనసు ఒప్పుకోలేదు.

"అవ్వా, ఇండ్ల పెట్టినోళ్ళు ఎవలన్న ఊర్ల ఉన్నరా?"

"ఊర్ల ఉంటే పెట్టుడెందుకు? పోయేటోళ్ళే పెడ్తరు."

"గదే. ఎప్పుడూ మనమే మూట కట్టాలె, మనమే దాచాలె, మనమే పోవాలె. నా చేను గుమ్మిలకు రాదు. వాళ్ళ ఆటలనే పెడ్త."

పెంటమ్మ నోరు వెళ్ళబెట్టింది. తర్వాత పమిట చెంగుతో నోరు మూసుకుని నవ్వింది. "మీ తాత ఉండాలె గీ మాట ఇననీకి" అంది.

మర్నాడు సరిత తొమ్మిదింటికి కాక ఏడింటికే షట్టర్ ఎత్తింది. యంత్రానికి కరెంటు ఇచ్చి దాని మీద అరచెయ్యి పెట్టింది. అది వెచ్చగా ఉంది. మొదటి తుపాకుల ఆట పేరు తలుచుకుని పిడికిలి బిగించింది. గుప్పిట్లో పురుగు కదిలినట్టు ఏదో చిటపటలాడింది. ఆ పిడికిలితోనే మెట్లు దిగి, బస్టాండు దాటి, చర్చి పక్కనుంచి ఇంటికి నడిచింది. దారిలో పాలాయన పలకరిస్తే ఎడమచేత్తో దండం పెట్టింది. గుమ్మిలో చెయ్యి పెట్టి, ఇది మధన్నది అని చెప్పి వదిలింది. మళ్ళీ వెళ్ళింది. ఐదు ఆటలకు ఐదుసార్లు తిరిగింది.

మధు వచ్చేసరికి తెరమీద ఒక్కటే బొమ్మ ఉంది, పొలం. దాని పక్కన బోలెడు ఖాళీ.

"మిగిలినయేవి?"

"గుమ్మిల ఉన్నయన్నా."

మధుకు గుమ్మి సంగతి తెలియక కాదు, ఆత్మకూరులో అది తెలియని వాళ్ళెవరు? అతన్ని నిలబెట్టేసింది ఆమె ధైర్యం. "నన్ను అడగకుండనా?"

"నువ్వు జాగ చెయ్యమన్నవ్. చేసిన. నూటిరవై కాదు, మూడునూర్లు ఖాళీ ఉన్నది చూడు."

మధు మొహం ఎర్రబడింది. సరాసరి వాడకు నడిచాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ఆ వాడలోకి రావడం అదే మొదటిసారి. గుమ్మం దగ్గర తల వంచాల్సి వచ్చింది. "పెంటమ్మా, మా ఆటలేవి?" అన్నాడు. పెంటమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. తలెత్తలేదు. రెండోసారి పిలిచాడు. వినపడనట్టే ఉంది. చివరికి "అవ్వా" అన్నప్పుడు, "ఏం నాయినా, దా" అని లేచి గుమ్మి మూత తీసింది. మధు భుజం దాకా చెయ్యి పెట్టి తడిమాడు. చల్లగాలి తగిలింది తప్ప ఏమీ దొరకలేదు. ఇంకో చెయ్యి పెట్టాడు. చొక్కాకు పేడ అంటుకుంది.

"దాచినోళ్ళ చెయ్యే తియ్యాలె నాయినా. మా పిల్ల దాచింది" అంది పెంటమ్మ.

అక్కణ్ణుంచి ఆట పద్ధతి మారింది. పిల్లలకు కార్ల ఆట కావాలంటే సరిత వాడకు పోయి పిడికిట్లో తెస్తుంది, అది అయిపోయాక పిడికిట్లో తీసుకుపోతుంది. ఆగలేని పిల్లలు ఆమె వెంటే వచ్చేవాళ్ళు. పటేళ్ళ పిల్లలు, షావుకార్ల పిల్లలు పెంటమ్మ గడపలో వరుసగా నిలబడేవాళ్ళు. "ఓ ముసల్దానా" అన్నవాడికి ఆట దొరకలేదు. "పెంటమ్మా" అన్నవాడు సాయంత్రం దాకా నిలబడ్డాడు. రెండోరోజుకల్లా అందరికీ అవ్వా అనడం వచ్చేసింది. ఎవలింటోడివి నాయినా, నీళ్ళు తాగుతవా అని ఆమె అడిగితే కొంతమంది దిక్కులు చూశారు. ఎండకు తట్టుకోలేక చివరికి తాగారు.

గుమ్మిలో జాగకు అంతులేదని తెలిసేసరికి పిల్లలకూ మధుకూ ఆశ పుట్టింది. కొత్త తుపాకులది వచ్చింది. ఇంకో తుపాకులది వచ్చింది. ఫుట్‌బాల్, విమానాలు, దయ్యాలు, చైనావాళ్ళ కత్తులు. మధు జడ్చర్ల నుంచి పెద్ద ఇంటర్నెట్ కనెక్షన్ తెప్పించాడు. ఒక్కో ఆట వారానికోసారి అప్‌డేట్ కావాలంటుంది, అయిన ప్రతిసారీ ముప్పై నలభై జీబీ లావెక్కుతుంది. సరిత అన్నిటినీ మోసి గుమ్మిలో పోసింది. జాతర పదిహేను రోజులూ ఆటల గదిలో నిలబడటానికి చోటు లేదు. మధు పొలం ఊసే ఎత్తలేదు. మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం ఎంత జనం ఉన్నా తెర సరితదే. తుపాకులోళ్ళు గోడకు ఆనుకుని ఆమె కందిచేనులో కలుపు తియ్యడం చూస్తూ గుటకలు మింగేవాళ్ళు.

జాతర ముగిసింది. మూడో రోజు ఆదివారం. చర్చి ప్రార్థన అయ్యేసరికి కూలోళ్ళ కోసం పూనా మేస్త్రీ పంపే బస్సు బస్టాండులో వచ్చి నిలబడింది. వాడలో మూటలు కట్టడం మొదలైంది. ఆడవాళ్ళంతా పెంటమ్మ ఇంటికి వచ్చారు. ఎప్పటిలాగే మల్లమ్మ ముందు. తలమీది మూట దించి, "ఇది మల్లమ్మింటిది" అని చెప్పి గుమ్మిలో వేసింది.

మూట అంచు దగ్గరే ఆగిపోయింది.

మల్లమ్మ రెండు చేతులతో నొక్కింది. కొంచెం దిగి, మళ్ళీ పైకి లేచింది. పెంటమ్మ వచ్చి నొక్కింది. రేణుకమ్మ నొక్కింది. గుమ్మి కిర్రుమంది కానీ మూటను లోపలికి తీసుకోలేదు.

"నిండింది" అంది పెంటమ్మ. నలభై ఏళ్ళలో ఆ మాట ఆమె నోటినుంచి రావడం అదే మొదలు. "నా మొగోడు అల్లిన గుమ్మి ఇయ్యాలకు నిండింది."

 మేస్త్రీ బస్సు హారన్ అక్కడిదాకా వినిపించింది. మల్లమ్మ సరిత వైపు తిరిగింది. ఆమెకు నిజంగానే కోపమొచ్చింది. "ఏం పిల్లా, పటేళ్ళ పోరగాండ్ల తుపాకులకు జాగ ఉన్నదా, మా బిందెలకు లేదా? మా ఆయన ఈల యాడ పెట్టి పోవాలె నేను?"

సరితకు భూమి చీలి మింగేస్తే బాగుండనిపించింది. తన చేను తియ్యనన్న పంతానికి ఇంతమంది జాగ మింగేసింది. వెలవెలపోయి, "ఒక్క నిమిషం పెద్దమ్మా, అన్ని తీసి బైట పారేస్త. మధన్న ఏమన్న అననీ" అని గుమ్మిలోకి చెయ్యి పెట్టబోయింది.

పెంటమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. తర్వాత ఎవరూ అనుకోని పని చేసింది. గుమ్మి మీద మూత వేసి, పీట వేసుకుని ఎక్కి, డెబ్బై ఏళ్ళ మనిషి ఆ మూత మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"తియ్యొద్దు" అంది.

"ఏందవ్వా గిది? బస్సు పోతది!" అంది జములమ్మ.

"పోనియ్. నలభై ఏండ్లు మీ మూటలు దాచిన. మీ అమ్మలయి దాచిన. మంచి పని చేస్తున్ననుకున్న. గిప్పుడు తెలుస్తున్నది నాకు. ఇది ఖాళీగ ఉన్నది కాబట్టే మీరు నిమ్మళంగ పోతుండ్రి. నా కొడుకు, కోడలు గూడ గిండ్లనే అన్ని పెట్టి పోయిండ్రు. మళ్ళ రాలే. ఇగ నేను దాచ. మీ బిందెలు మీ ఇండ్లల్ల పెట్టుకోండ్రి, వాటెంబడి మీరు గూడ ఉండుండ్రి."

"ఉండి ఏం తినాలె? మన్ను తినాలనా?" అని మల్లమ్మ గట్టిగా అరిచింది.  ఆమెకు వెళ్ళాలని ఏనాడూ లేదు.

సరిగ్గా అప్పుడే మధు రొప్పుకుంటూ వచ్చాడు. గదినిండా పిల్లలున్నారు, ఫుట్‌బాల్ ఆట కావాలంటున్నారు. గుమ్మంలో ఇంతమంది మూటలతో నిలబడి ఉండటం, గుమ్మిమీద ముసలమ్మ ఎక్కి కూర్చోవడం చూసి తడబడ్డాడు. "అవ్వా, ఏమైంది? సరితా, జర ఫుట్‌బాల్ తియ్యవా?"

సరిత అతన్ని చూసింది. వాళ్ళందర్నీ చూసింది. ఏడాదిన్నరగా తన తెరముందు వంగి కంకులు లెక్కపెట్టిన మొహాలు.

"అన్నా, కాలువ కింద మీ ఆరెకరాల చెల్క బీడు పడ్డది కద."

"అవు. తుమ్మలు మొలిచినయ్. దాని సంగతెందుకు గిప్పుడు?"

"ఎందుకు బీడు పెట్టినవ్?"

"కూలోళ్ళు దొరకరని నీకు తెల్వదా?"

మల్లమ్మ ఒక్క నవ్వు నవ్వింది. మూటలు పట్టుకున్న పదమూడుమంది ఆడవాళ్ళూ మధు వైపు తిరిగి చూశారు. మధుకు తను అన్న మాట తనకే వినిపించింది. చెవులు ఎర్రబడ్డాయి.

"వీళ్ళకు కౌలుకు ఇయ్యి. ఏడాదికి కాదు, ఐదేండ్లకు, కాయితం మీద. పల్లి ఏసంగి పంటకు అదునున్నది. పంటొచ్చినంక కౌలు కడ్తరు" అంది సరిత.

"మా అమ్మను అడగాలె."

"అడుగు."

"ఆమె ఒప్పుకోకుంటే?"

సరిత కుడిచేతి పిడికిలి బిగించి నడుముకు ఆనించుకుంది. ఆ చెయ్యి తప్ప ఇంకే చెయ్యి పెట్టినా గుమ్మిలోంచి ఒక్క ఆట రాదని మధుకు భుజం దాకా తెలుసు. అతను ఆ పిడికిలి వైపు, మూత మీది ముసలమ్మ వైపు, బస్టాండు వైపు చూశాడు. హారన్ మళ్ళీ మోగింది.

"మల్లమ్మా, తుమ్మలు మీరే కొట్టుకుంటరా?" అన్నాడు చివరికి.

"మేం కాక నీ పోరగాండ్లు కొడ్తరా పటేలా, తుపాకులతోని?" అంది మల్లమ్మ.

బస్సు డ్రైవరు పావుగంట చూసి, ఇంకో అరగంట చూసి, ఇద్దరు మొగవాళ్ళను ఎక్కించుకుని పోయాడు. మేస్త్రీ ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఆరోజు వాడలో ఎవరి ఫోనూ ఎత్తే తీరిక లేదు. మూటలు విప్పితే బిందెలు ఎక్కడివక్కడ పెట్టాలి, కొడవళ్ళు వెతకాలి, నూరాలి. మల్లమ్మ మొగుడి ఈలను ఇంట్లోనే వదిలేసింది. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు అప్పుడప్పుడూ వినిపిస్తూ ఉండిపోయింది.

మధు తల్లి లక్ష్మీదేవమ్మ ముందు కసిరింది, తర్వాత బీడు మీద పల్లి పచ్చగా లేస్తుందన్న ఆశతో వేలిముద్ర వేసింది. వారంలో తుమ్మలు పోయాయి. పదో రోజుకు కాలువ నీళ్ళు పారాయి. పల్లి విత్తనం ఎంత లోతున వెయ్యాలన్న దానిమీద జములమ్మకూ రేణుకమ్మకూ మాటలు లేకుండా పోయాయి. ఇద్దరూ చెరో పక్కనుంచి చెరో లోతున వేశారు. రెండూ మొలిచాయి.

మొలకలు చూసొచ్చిన మర్నాడు మధ్యాహ్నం మధు మెట్లెక్కి వచ్చాడు. గదిలో సరిత ఒక్కతే ఉంది. తెరమీద కందికి పూత పట్టింది. అతను కాసేపు వెనక నిలబడి చూశాడు. ఈమధ్య అతనికి చేలు చూడటం అలవాటవుతోంది.

"సరితా, ఇగ నిజం చెల్కనే దొరికె కద మీకు" అన్నాడు, ఎప్పటి మెత్తటి గొంతుతోనే. "గుమ్మి గూడ నిండింది. గీ పొలం తీసేస్తే మిషన్ల నలభై జీబీ వస్తది. ఇంకో ఆట పట్టిద్దుమా?"

సరిత తెరమీంచి చూపు తిప్పలేదు. ట్రాక్టరును గట్టు తగలకుండా నిదానంగా మలుపు తిప్పింది.

"గది నీ చెల్కన్నా, కౌలుకు ఇచ్చినవ్" అంది. "ఇది నాది."